చేతిపని: గోల్ఫు బండికి గూడు

గోల్ఫు కర్ర ఎన్నడూ ముట్టని వారి ఇళ్ళలో కూడా గోల్ఫు బండి కనిపించడం ఈ దేశంలో ఇప్పుడు వింత కాదు. అట్లాంటాకు నైరుతి దిక్కున 30 మైళ్ళ దూరంలో పీచ్‌ట్రీ సిటీ అనే ఊరుంది. 1959లో ఏర్పడిన ఆ ఊళ్ళో కార్ల రోడ్లు కాక, చెట్ల మధ్యగా 100 మైళ్ళకు పైగా సన్నని బాటలున్నాయి. కూరలకు, గ్రంథాలయానికి, స్నేహితుల ఇళ్ళకు జనం ఆ బాటల మీద గోల్ఫు బండ్లలోనే పోతారు. హైస్కూలు ఆవరణలో పిల్లల బండ్లు బారులు తీరి ఉంటాయి. ఫ్లోరిడాలో ఉద్యోగ విరమణ చేసిన వారు ఉండే ఊళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన కుటుంబాలకు ఈ బండి మరో విధంగా అక్కరకు వస్తున్నది. ఇండియా నుంచి అమ్మగారూ నాన్నగారూ వచ్చి ఆరు నెలలుంటారు. ఇంట్లో అందరూ ఉద్యోగాలకూ బడులకూ పోతే వారు కిటికీ దగ్గర కూర్చోవలసిందే. నడిచిపోయేంత దగ్గరలో కొట్టు లేదు, బస్సు లేదు. సాయంత్రం ఎవరో ఒకరు బండి తీసి చెరువు గట్టు దాకా తిప్పుకు వస్తే వారికి ఆ రోజు రోజులా ఉంటుంది. ఇక 1970లలో చదువులకని, ఉద్యోగాలకని వచ్చిన మనవాళ్ళు ఇప్పుడు తామే తాతయ్యలూ మామ్మలూ అయ్యారు. రాత్రిపూట కారు నడపడం మానుకున్నవారు కూడా పగలు ఈ బండిని వదలడం లేదు.

చిక్కల్లా ఎండతో. కంపెనీ వారిచ్చే మామూలు కప్పు ముందు సీటులోని ఇద్దరికే నీడనిస్తుంది. వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఒకటి బిగించుకున్నామంటే, అందులో కూర్చునే వారికి నీడ ఉండదు. అక్కడ కూర్చునేది ఎవరు? మనుమలు, లేదా మనుమల పక్కన మామ్మగారు. పొడుగు కప్పులు కొనుక్కోవడానికి దొరుకుతాయి గాని, పాత బండ్లకు కుదిరేవి తక్కువ. అందుకే "మేమే కట్టుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. కట్టుకోవచ్చు. మేము నలుగురం కలిసి రెండు శనివారాల్లో ఒకటి కట్టాం. దాని లెక్కలూ, పద్ధతీ ఈ నెల చెబుతాం. ఈ పేజీలో బొమ్మ వేసే వీలు లేదు గనుక మాటల్లోనే విడమరచి చెప్పవలసి వస్తున్నది. ఓపికగా చదవండి.

పని మొదలుపెట్టేముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి. కప్పు ఎంత బలంగా ఉందన్నది రెండో ప్రశ్న. ఎంత తేలికగా ఉందన్నదే మొదటి ప్రశ్న.

మన ఊళ్ళలో గూడుబండి ఎక్కినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ గూటిని ఎవరూ పలకలతో కట్టలేదు. వెదురు బద్దలు వంచి, తాళ్ళతో కట్టి, పైన చాప పరిచేవారు. ఎండా వానా ఆపడానికి అది చాలు. దానికి మించి వేసిన ప్రతి వీశె బరువూ ఎద్దులు లాగవలసిందే. గోల్ఫు బండికి ఎద్దులు లేవు గాని, నేల నుంచి ఆరడుగుల ఎత్తున పెట్టిన బరువు మలుపులో బండిని పక్కకు లాగుతుంది. కింద పెట్టిన వంద పౌన్లకన్నా పైన పెట్టిన ముప్పై పౌన్లు ఎక్కువ చేటు చేయగలవు.

దీన్ని అంకెల్లో చూద్దాం. బడిలో గరిమనాభి అని చదువుకున్నాం. బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు అది. ఉదాహరణకు సీసం బ్యాటరీలతో కలిపి 900 పౌన్ల బండి, దాని గరిమనాభి నేల నుంచి 18 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. 160 పౌన్ల వారు ఇద్దరు కూర్చున్నారు, వారి బరువు 38 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. కప్పు లేకుండా ఈ మొత్తానికి గరిమనాభి 23.2 అంగుళాల ఎత్తున వస్తుంది. 72 అంగుళాల ఎత్తున 30 పౌన్ల కప్పు పెడితే అది 24.4కు చేరుతుంది. అక్కడే 90 పౌన్ల కప్పు పెడితే 26.6కు పోతుంది. చక్రాల మధ్య వెడల్పు మాత్రం అంగుళం కూడా పెరగలేదు. ఎత్తు పెరిగి వెడల్పు పెరగకపోతే బండి త్వరగా ఒరుగుతుంది. వెనక సీటులో మరో ఇద్దరు ఎక్కితే ఆ బిందువు ఇంకా పైకి పోతుంది.

ఇందులో మరో మెలిక ఉంది. సీసం బ్యాటరీలు ఆరు ఉంటే, ఒక్కొక్కటి 60 పౌన్ల పైచిలుకు. మొత్తం 370 పౌన్ల దాకా సీటు కింద, నేలకు దగ్గరగా ఉండి బండిని నిలబెడుతున్నాయి. ఇప్పుడు చాలామంది వాటిని తీసేసి లిథియం బ్యాటరీ పెట్టుకుంటున్నారు. అది 100 పౌన్లు ఉందనుకుంటే 270 పౌన్ల అడుగు బరువు పోయినట్టే. మన లెక్కలో ఆ అడుగు బరువును 16 అంగుళాల ఎత్తున పెట్టి మళ్ళీ కట్టి చూశాం. లిథియం బ్యాటరీతో, 30 పౌన్ల కప్పుతో గరిమనాభి 26.7 అంగుళాలకు వచ్చింది. అంటే సీసం బ్యాటరీలతో 90 పౌన్ల కప్పు మోసే బండీ, లిథియంతో 30 పౌన్ల కప్పు మోసే బండీ దాదాపు ఒక్కలాగే ఒరుగుతాయి. లిథియం పెట్టుకున్నవారు మలుపుల్లో ఇంకా నెమ్మదిగా పోవాలి. వారికి బరువైన కప్పు అసలే పనికిరాదు.

సామాను సంగతి

మాకు కావలసిన కప్పు 4 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడుగు, అంటే 26 చదరపు అడుగులు. మొదట చాలామందికి తోచేది ఇనుప చట్రం, పైన అర అంగుళం ప్లైవుడ్డు. లెక్క వేయండి. చట్రానికి 33 అడుగుల అంగుళం చదరపు ఇనుప గొట్టం (14 గేజి) 34 పౌన్లు. నాలుగు రాటలకు 16 అడుగుల అంగుళంపావు గొట్టం 21 పౌన్లు. ప్లైవుడ్డు 37 పౌన్ల దాకా. మొత్తం 90 దాటింది. వానకు తడిసిన ప్లైవుడ్డు ఇంకా బరువెక్కుతుంది.

మేము వాడినది అల్యూమినియం. చట్రానికి అంగుళం చదరపు గొట్టం, గోడ మందం అంగుళంలో పదహారో వంతు. అది అడుగుకు 0.28 పౌను, 33 అడుగులకు 9 పౌన్ల పైచిలుకు. రాటలకు అంగుళంపావు గొట్టం, గోడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. 16 అడుగులకు పదిన్నర పౌన్లు. పైన 6 మిల్లీమీటర్ల రెండు పొరల పాలికార్బొనేటు రేకు, 7 పౌన్లు. మూల పలకలు, రివెట్లు, బోల్టులు కలిపి 3 పౌన్లు. మొత్తం 30 పౌన్లు. అదే నీడ, మూడో వంతు బరువు.

అల్యూమినియం తేలిక గాని మెత్తన. ఒకే సైజు గొట్టాలను పోలిస్తే అది ఇనుముకన్నా మూడు రెట్లు వంగుతుంది. దీనికి మందు గోడ మందం పెంచడం కాదు, గొట్టం సైజు పెంచడం. గోడ మందం అలాగే ఉంచి సైజు రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే అవుతుంది, వంగడం మాత్రం దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. వెదురు బోలుగా ఉండి కూడా అంత గట్టిగా నిలవడంలో రహస్యం ఇదే.

ప్లాస్టిక్ నీళ్ళ గొట్టాలతో చట్రం కట్టవచ్చునా అని ఒకరిద్దరు అడిగారు. వద్దు. పి.వి.సి. గొట్టం ఎండ వేడికి మెత్తబడి వంగుతుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే పెళుసుబారి విరుగుతుంది. రెండూ పిల్లల నెత్తి మీద జరగవలసినవి కావు.

కట్టే పద్ధతి

బండి మీద చేయి వేసేముందు తాళం తీసి పక్కన పెట్టండి. సీటు కింద టో, రన్ అని మీట ఉంటే టో వైపు తిప్పండి. బ్యాటరీల నెగటివ్ తీగ విప్పండి. సీసం బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి గనుక వాటి దగ్గర నిప్పురవ్వలు లేచే పని చేయకూడదు. కోతలూ, రాపిడీ అన్నీ బండికి దూరంగా గరాజి బయట పెట్టుకోండి.

పొడుగు గొట్టాలు రెండు, అడ్డ గొట్టాలు ఐదు. చదునైన నేల మీద పరిచి నిచ్చెనలాగా అమర్చండి. కోసిన అంచులను ఆకురాయితో నున్నగా రుద్దండి, లేకపోతే చేతులు తెగుతాయి. మూలమట్టం పెట్టి చూడడం మంచిదే గాని, అసలు పరీక్ష వేరు. ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు రెండూ టేపుతో కొలవండి. రెండూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. ఎనిమిదో వంతు అంగుళం తేడా ఉన్నా సర్దండి. తరువాత సర్దడం కుదరదు.

అతుకులకు మేము వెల్డింగు చేయించలేదు. డబ్బు మిగులుతుందన్నది ఒక కారణమే. అసలు కారణం ఇది: 6061-టి6 రకం అల్యూమినియానికి బలం కొలిమి చికిత్స వల్ల వస్తుంది. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ బలం మూడో వంతుకు పైగా పడిపోతుంది. సన్న గొట్టానికి అతుకు పక్కనే బలహీనత వస్తుంది. అందుకని ప్రతి మూలకూ ఎనిమిదో వంతు అంగుళం మందం గల త్రికోణపు అల్యూమినియం పలక పెట్టి, మూడు పదహారో వంతుల రివెట్లతో బిగించాం. ఒక్కో గొట్టానికి కనీసం మూడు రివెట్లు, అవి కూడా ఒకే వరుసలో కాకుండా.

త్రికోణమే ఎందుకు? కోళ్ళు కదిలిన మంచాన్ని తలవైపు నుంచి తోస్తే ఏమవుతుంది? నాలుగు కోళ్ళూ ఒక పక్కకు ఒరిగి మంచం ఏటవాలుగా నిలబడుతుంది. నాలుగు రాటల మీది కప్పు కూడా అంతే. నిలువు బరువును రాటలు సునాయాసంగా మోస్తాయి. బ్రేకు వేసినప్పుడు ముందుకూ, మలుపులో పక్కకూ వచ్చే ఊపు వాటిని పడగొడుతుంది. చతురస్రం ఒరుగుతుంది, త్రికోణం ఒరగదు. కాబట్టి ప్రతి రాటా చట్రాన్ని కలిసే చోట రెండు వైపులా మూల పలకలు వేయండి. వెనక రాటల మధ్య ఒక ఏటవాలు కడ్డీ కూడా వేస్తే ఊపు చాలావరకు పోతుంది. ఆ కడ్డీ బరువు ఒక్క పౌను, చేసే మేలు ఎంతో.

రాటల అడుగులు ప్లాస్టిక్ ఒంటికి కాదు, దాని లోపలి లోహపు చట్రానికి బిగియాలి. కంపెనీ వారు కప్పు కోసం వదిలిన రంధ్రాలుంటే అవే వాడండి. కొత్త రంధ్రం వేయక తప్పకపోతే డ్రిల్లు బిట్టు అవతల ఏమి తగులుతుందో ముందు వంగి చూడండి. తీగలూ బ్యాటరీలూ అక్కడే ఉంటాయి. మర ఊడని నైలాన్ లాక్ నట్టులు వాడండి. బాటల కుదుపుకు మామూలు నట్టు కొద్ది రోజుల్లోనే వదులవుతుంది.

అల్యూమినియమూ ఇనుమూ తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. సముద్రం దగ్గరుండే ఫ్లోరిడా, టెక్సాస్ పాఠకులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడి, రెండు లోహాలు కలిసే ప్రతి చోటా నైలాన్ వాషరో పలచని రబ్బరు ముక్కో పెట్టండి. కొన్ని కంపెనీల బండ్లకు అడుగు చట్రం ఇనుము, క్లబ్ కార్ బండ్లకు అల్యూమినియం. మీది ఏదో చూసుకోండి.

పైరేకు

పాలికార్బొనేటు రేకుకు ఒక వైపున మాత్రమే ఎండను తట్టుకునే పూత ఉంటుంది. ఆ వైపు మీద ఉన్న కాగితం మీద అది రాసి ఉంటుంది. కాగితం పీకేముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ వైపు ఆకాశం చూసేట్టు వేయండి. తెల్లగా పారదర్శకంగా ఉండే రేకు వేడిని ఆపదు. పాలరంగు రేకు మేలు. రెండు పొరల మధ్యనుండే సన్నని కాలువలు ముందు నుంచి వెనక్కి పోయేట్టు పెట్టి, వెనక అంచును అంగుళం కిందికి దించాలి. లోపల చేరిన తేమ వెనకకు జారిపోతుంది. పై అంచును పూర్తిగా మూసే టేపుతోనూ, కింది అంచును గాలాడే టేపుతోనూ మూయండి. రెండూ బిగించేస్తే లోపల పాచి పడుతుంది.

ఈ రేకు ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. అల్యూమినియం కూడా అంతే గాని, రేకు దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చలికాలానికీ ఎండాకాలానికీ 40 సెంటీగ్రేడు డిగ్రీల తేడా ఉంటే, మన ఆరున్నర అడుగుల రేకు చట్రంకన్నా ఎనిమిదో వంతు అంగుళం అదనంగా కదులుతుంది. కాబట్టి స్క్రూకన్నా రంధ్రాన్ని ఆ మేరకు పెద్దగా వేసి, వెడల్పాటి రబ్బరు వాషరు పెట్టి, బిగుతుగా కాకుండా ఆనేట్టు మాత్రమే తిప్పండి. గట్టిగా బిగిస్తే మొదటి వేసవిలోనే పగుళ్ళు వస్తాయి. అమ్మోనియా కలిసిన అద్దాల మందుతో తుడవవద్దు. సబ్బు నీళ్ళు చాలు.

సూర్యఫలకం పెడదామనే ముచ్చట మన ఇంజనీర్లకు తప్పక పుడుతుంది. ఇళ్ళ కప్పుల మీద వేసే 400 వాట్ల గాజు ఫలకం 40 పౌన్లు దాటుతుంది. ఇంత కష్టపడి దించిన బరువంతా మళ్ళీ నెత్తికెక్కుతుంది. అంతగా కావాలనుకుంటే వంగే పలచని ఫలకం చూడండి.

గాలి సంగతి

గంటకు 20 మైళ్ళ గాలికి చదరపు అడుగుకు ఒక పౌను ఒత్తిడి. 60 మైళ్ళకు 9 పౌన్ల పైన. వేగం మూడింతలైతే ఒత్తిడి తొమ్మిదింతలు. మన 26 చదరపు అడుగుల మీద పూర్తిగా పడితే అది 240 పౌన్ల దాకా పోతుంది. అంతా పైకి లేపదు గాని, ముందు అంచు ఏమాత్రం పైకెత్తి ఉన్నా అందులో పెద్ద పాలు కప్పును పైకి లాగుతుంది. ఊళ్ళో బాటల మీద మన కప్పుకు భయం లేదు. బండిని ట్రెయిలరు మీద ఎక్కించి హైవే మీద తీసుకుపోయేటప్పుడు మాత్రం కప్పు విప్పి కింద పడుకోబెట్టి కట్టండి. రాటల అడుగున ఎనిమిది బోల్టులు. ఇద్దరుంటే పావుగంట పని. వెనక వచ్చే కారులో కూడా ఎవరి పిల్లలో ఉంటారు.

కప్పు చేయని పనులు

ఇది నీడ కోసం కట్టిన గూడు. బండి బోర్లా పడితే మనుషుల్ని కాపాడే చట్రం కాదు. పొలం ట్రాక్టర్లకు వేసే రక్షణ చట్రాలు వేరు, వాటి ఇనుమూ బిగింపూ వేరు. తలమీద కప్పు ఉందన్న ధైర్యంతో వేగం పెంచకూడదు. ఎడమవైపు గట్టిగా తిప్పితే కుడి పక్క కూర్చున్నవారు బయటికి జారుతారు. కప్పు వారిని ఆపదు.

పిడుగు నుంచి కూడా ఇది కాపాడదు. పక్కలు తెరిచి ఉన్న బండికి, కప్పు ఉన్నా లేకపోయినా, ఆ రక్షణ లేదు. నెత్తి తడవడం లేదు కదా అని వానలో ఆగవద్దు. ఉరుము వినబడగానే ఇంట్లోకో కారులోకో చేరండి.

అన్నిటికన్నా ముఖ్యం రాట పట్టుకునే అలవాటు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు బండి ఎక్కేటప్పుడు చేతికి ఏది అందితే అది పట్టుకుని లేస్తారు. అందేది రాటే. ఒంటి బరువంతా పక్కకు లాగితే మూల రివెట్లు కొంతకాలానికి సడలుతాయి. వద్దని చెబితే ఎవరికి గుర్తుంటుంది? రాటకన్నా ముందు అందేట్టు, సీటు పక్కన, సీటు చట్రానికి బోల్టు వేసి ఒక చేతికడ్డీ పెట్టండి. దాని మీద రబ్బరు తొడుగు వేయండి. ఇరవై నిమిషాల పని, కాని మొత్తం కప్పు పనిలో పెద్దవారికి ఎక్కువ ఉపయోగపడేది ఇదే. పిల్లలకు మాత్రం చెప్పవలసిందే. కప్పు మీద ఎక్కడం, అడ్డ గొట్టాలకు వేలాడడం కుదరదని మొదటి రోజే ఖాయం చేయండి. కప్పు మీద సామాను కూడా పెట్టవద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. మామూలు గోల్ఫు బండి గంటకు 15 మైళ్ళకు మించి పోదు. 20 దాటి 25 లోపు పోయే వాటిని 1998 నుంచి కేంద్ర ప్రభుత్వం వేరే తరగతిగా చూస్తున్నది. వాటికి దీపాలు, అద్దాలు, సీటు బెల్టులు తప్పనిసరి. ఎవరు నడపవచ్చు, ఏ రోడ్డు మీద నడపవచ్చు అన్నది ఊరికో తీరుగా ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి తాళం ఇచ్చేముందు మీ ఊరి కార్యాలయంలో అడగండి.

కప్పు బిగించాక ఒకరు రాటను పట్టుకుని మెల్లగా ఊపండి, మరొకరు మూలలు చూడండి. పలకా గొట్టమూ విడివిడిగా కదిలితే అక్కడ మరో రివెట్టు కావాలి. తరువాత ఖాళీ మైదానంలో నడిచే వేగంతో రెండు వైపులా మలుపులు తిప్పి చూడండి. వారం తరువాత ప్రతి బోల్టూ మళ్ళీ బిగించండి. ఆపైన ఏడాదికి రెండుసార్లు, గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే ఆదివారాలు గుర్తుగా పెట్టుకోండి.

మీ బండి కొలతలు వేరైతే పొడుగూ వెడల్పూ, సీట్లెన్నో, బ్యాటరీలు ఏ రకమో రాసి పంపండి. గొట్టాల లెక్క కట్టి పంపుతాం. వచ్చే నెల ఇదే చట్రానికి వాన తెరలు వేలాడదీసే పద్ధతి చెబుతాం. అంతవరకు సెలవు.